స్టీరింగ్‌లో ఆట

"కారు తూలుతోంది" అని నేను మొదటిసారి అన్నది పోయినేడు ఫిబ్రవరిలో. రాత్రి అన్నాలు తింటున్నప్పుడు అన్నాను. మా ఆయన పెరుగు కలుపుకుంటూ "రోడ్డు అట్లా ఉంది" అన్నారు. నిజమే, అక్కడక్కడా రోడ్డు బాగాలేదు. నేనూ ఊరుకున్నాను. రెండోసారి అన్నప్పుడు "గాలి" అన్నారు. అదీ నిజమే. గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళేటప్పుడు తాడేపల్లి దాటి కృష్ణ మీద వారధి ఎక్కగానే గాలి పక్కనుంచి తోస్తుంది, చిన్న కారైతే మరీను. మూడోసారి అన్నప్పుడు ఆయనేమీ అనలేదు. మా అమ్మాయి అంది, "అమ్మా, నువ్వు ఈమధ్య ప్రతిదానికీ టెన్షన్ పడుతున్నావు" అని.

ఆ మూడు జవాబుల వరస చూడండి. రోడ్డు, గాలి, నేను. కారు ఆ వరసలోకి రానేలేదు.

అది 2005 మోడల్ మారుతి 800. నా జీతం మీద అప్పు తీసుకుని కొన్నాను. ఆర్‌సీలో నా పేరే ఉంది. 2020లో పదిహేనేళ్ళు నిండితే మళ్ళీ రిజిస్ట్రేషను పొడిగించుకుని, గ్రీన్ టాక్సు కట్టి, దాన్ని అట్టిపెట్టుకున్నాను. 1983 డిసెంబరులో రోడ్డెక్కి 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన ఆ చిన్న కారు ఈ దేశంలో ఎంతమంది మధ్యతరగతి ఆడవాళ్ళ చేతికి మొదటి స్టీరింగ్ అయిందో ఎవరూ లెక్క కట్టినట్టు లేరు. దానికి పవర్ స్టీరింగ్ లేదు. రోడ్డు మీద గులకరాయి ఉన్నా చేతికి తెలుస్తుంది. వారానికి ఐదురోజులు, రానూ పోనూ 70 కిలోమీటర్లు, దానితోనే కాలేజీకి వెళ్ళొచ్చాను. ఇంటికీ కాలేజీకీ మధ్య నాకంటూ మిగిలిన గంటన్నర అది. పాఠాలు ఆ గంటన్నరలోనే తయారయ్యేవి, కొన్ని వ్యాసాలు కూడా.

తూలడమంటే ఏమిటో చెప్తాను. కాజ టోల్‌గేటు దాటాక రోడ్డు తిన్నగా ఉంటుంది. అరవై, అరవై అయిదు స్పీడులో పోతున్నాను. కారు కొద్దిగా కుడికి జరుగుతుంది. స్టీరింగ్ ఎడమకి తిప్పుతాను. రెండు వేళ్ళ వెడల్పు తిరిగేదాకా ఏమీ జరగదు, ఆ తర్వాత ఒక్కసారిగా అవసరానికి మించి ఎడమకి వస్తుంది. మళ్ళీ కుడికి. లారీ దాటిపోతే కారు ఒళ్ళు జలదరించినట్టు కదుల్తుంది. ఇంటికొచ్చేసరికి రెండు భుజాలూ రాళ్ళయ్యేవి. భుజాల నొప్పి అని డాక్టరు దగ్గరికి వెళ్తే వయసు అడిగారు. యాభై ఒకటి అన్నాను. "ఈ వయసులో మామూలేనండీ" అన్నారు. ఏం చేస్తే నొప్పి వస్తోంది అని అడగలేదు. అడిగితే చెప్పేదాన్నేమో.

ఒక ఆదివారం మా ఆయన కారు తీసుకుని బ్రాడీపేట నుంచి లక్ష్మీపురం దాకా వెళ్ళొచ్చి, తాళాలు బల్ల మీద పెట్టి "బానే ఉంది కదా" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఊళ్ళో ముప్పై స్పీడులో, సందు సందుకీ తిరుగుతూ నడిపితే అది నిజంగానే బాగుంటుంది. మలుపు తిరిగేటప్పుడు స్టీరింగ్ భాగాలన్నీ ఒకవైపుకి బిగుసుకుని ఉంటాయి, అరిగిన చోట సందు మూసుకుపోతుంది. తిన్నటి రోడ్డు మీద, స్పీడులో, చక్రం మధ్యలో ఉన్నప్పుడే ఆ సందు బయటపడుతుంది. ఈ సంగతి నాకు అప్పుడు తెలీదు. తెలిసిందల్లా ఒకటే, నేను చెప్పింది నాకే జరిగింది, ఆయన చూసినప్పుడు జరగలేదు. ఈ పరిస్థితిలో పడ్డ ఆడమనిషి ఎవరిని అనుమానిస్తుందో ఈ పత్రిక చదివేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

కంప్యూటర్ వీల్ అలైన్‌మెంట్ చేయించాను. ఆ సెంటర్లో అబ్బాయి ముందు నా వెనక్కి చూశాడు, "సార్ రాలేదా?" అని. తర్వాత ఒక కాగితం ఇచ్చాడు. అంకెలన్నీ పచ్చరంగులో ఉన్నాయి. పదిరోజులు బాగున్నట్టే ఉండి మళ్ళీ మొదలు. రెండోసారి వెళ్ళాను, మళ్ళీ పచ్చ అంకెలే. ఈసారి సాయంత్రం వాళ్ళు ఫోన్ చేశారు, నాకు కాదు, మా ఆయనకి. పాత బిల్లు మీద ఆయన నంబరు ఉందట. "బండిలో ఏం లేదు సార్, మేడమ్ గారు స్టీరింగ్ గట్టిగా పట్టుకుంటున్నారేమో" అన్నారట. కారు నాది, డబ్బు నాది, స్టీరింగ్ పట్టుకునే చేతులు నావి. వాటి గురించిన నివేదిక మాత్రం ఇంకొకరికి వెళ్ళింది.

ఆ తర్వాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కారు వరండా పక్కన పెట్టి కవరు కప్పేశాను. రెండున్నర నెలలు బస్సులో తిరిగాను. స్టాఫ్‌రూంలో అడిగినవాళ్ళకి "హైవే మీద భయం పట్టుకుందండీ" అని నవ్వుతూ చెప్పాను. ఎవరో చెప్పినట్టు కాదు, నేనే నమ్మి చెప్పాను. మా ఆయన స్నేహితులెవరో నలభై వేలకి అడిగారు. "ఈ వయసులో నీకీ హైవే గొడవెందుకు, రిటైరయ్యేదాకా బస్సు పాసు తీసుకో" అన్నారు మా ఆయన. ఆయన గొంతులో ఉన్నది ప్రేమే. ఆలోచించి చెప్తానన్నాను. ఇరవై ఏళ్ళ కిందట స్త్రీవాదం మీద ఎం.ఫిల్. చేసినదాన్ని, కారు అమ్మకానికి అలా సగం ఒప్పేసుకున్నాను.

నన్ను ఆపింది స్త్రీవాదం కాదు, ఒక సహోద్యోగి బెణికిన కాలు. ఆవిడ కాలేజీ మెట్ల మీద జారింది. తన కారులోనే తనని మంగళగిరి దాకా దింపమంది. "నాకు భయం, నడపడం లేదిప్పుడు" అన్నాను. "నెమ్మదిగా పోనీండి, పర్వాలేదు" అంది. అదీ చిన్న కారే, ఎనిమిదేళ్ళది. వారధి ఎక్కాను. గాలి ఎప్పటిలాగే పక్కనుంచి కొట్టింది. పక్కనుంచి ఇసుక లారీ పోయింది. కారు దారం పట్టినట్టు తిన్నగా పోయింది. చేతులు నావే. గాలి అదే, రోడ్డు అదే, టైము కూడా అదే సాయంత్రం ఐదు. మారింది ఒక్కటే. కృష్ణ దాటేలోపల నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియలేదు కానీ చాలా కోపమొచ్చింది.

ఆ రాత్రి ఒక పాత నోటుపుస్తకం తీశాను. ఒకప్పుడు 'అన్వేషి' వాళ్ళు తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' చేతుల్లో పెట్టుకుని, మా ఒంటి గురించి మేమే రాసుకుని, ఒకరికొకరం చెప్పుకున్న రోజులున్నాయి. ఏ రోజు, ఎక్కడ, ఎంతసేపు, దేని తర్వాత... అలాగే రాసుకోవాలనిపించింది. నవ్వొచ్చింది కూడా, కారుకి నెలసరి లెక్క రాస్తున్నట్టు. మర్నాటి నుంచి కారు తీసి పొద్దున్నే, లారీలు తక్కువగా ఉన్నప్పుడు, పెదకాకాని దాకా వెళ్ళి వచ్చేదాన్ని.

మొదట బయటపడింది నా తప్పే. ఎడమవైపు ముందు టైరులో తక్కిన మూడింటికంటే గాలి 8 పౌండ్లు తక్కువ. రెండున్నర నెలలు నిలబెట్టిన బండి, నేను చూసుకోలేదు. గాలి సరిచేస్తే తూలడం కొంచెం తగ్గింది, పోలేదు. బండి ఏం చేసినా ముందు గాలి చూడాలి, దమ్మిడీ ఖర్చులేని పని అది.

తర్వాత టైర్లు. ముందు టైరు మీద అరచెయ్యి పెట్టి లోపల్నుంచి బయటికి ఒకసారి, బయటినుంచి లోపలికి ఒకసారి నిమిరాను. ఒకవైపు నున్నగా జారింది. రెండోవైపు చేప పొలుసుకి ఎదురు నిమిరినట్టు గీరుకుంది. చక్రాలు రెండూ ఒకదానికొకటి సమంగా లేకుండా, కాళ్ళ బొటనవేళ్ళు లోపలికో బయటికో తిప్పుకుని నడిచినట్టు నడిస్తే టైరు అట్లా అరుగుతుందట. పచ్చ అంకెల కాగితం తీసి చూశాను. కాగితం ప్రకారం అవి సమంగా ఉన్నాయి. నా అరచెయ్యి ప్రకారం లేవు.

తక్కినవి ఇలా రాసుకున్నాను. బ్రేకు తొక్కితే మూతి ఎడమకి గుంజుతోంది. ఇంజనుకి ఊపిస్తే అంత లేదు. చిన్న గుంటల్లో కుడివైపు కింద 'టక్' అంటోంది, వరసగా గతుకులుంటే 'టకటక'. స్టీరింగ్ మధ్యలో రెండు వేళ్ళ ఖాళీ. రేడియో ఆపేసి, అద్దాలు దించి, గోడ పక్కగా నడిపితే శబ్దం తిరిగొచ్చి బాగా వినిపిస్తోంది. ఇవన్నీ ఫిబ్రవరిలో కూడా ఉండే ఉంటాయి. అప్పుడు నేను 'తూలుతోంది' అన్న ఒక్క ముక్కే చెప్పాను. చెప్పే భాష నా దగ్గర లేదు.

కాలేజీ బస్సు డ్రైవరు ఒక షెడ్డు చెప్పాడు, విజయవాడ ఆటోనగర్‌లో. మేస్త్రికి అరవై దాటి ఉంటాయి. నోటుపుస్తకం ఇవ్వబోతే, కళ్ళజోడు ఇంటిదగ్గర మర్చిపోయానని, నన్నే చదవమన్నారు. చదివాను. షెడ్డులో నలుగురైదుగురు కుర్రాళ్ళు పని ఆపి విన్నారు. సెమినార్లలో కూడా అంత శ్రద్ధగా ఎవరూ వినలేదు. అంతా విని ఆయన ఒకటే అడిగారు.

"లాగుతోందా అమ్మా, తూలుతోందా?"

ఆరు నెలల్లో నన్ను ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన. లాగడం వేరు, తూలడం వేరు. చెయ్యి వదిలేస్తే ఎప్పుడూ ఒకే పక్కకి పోవడం లాగడం. దానికి టైరు గాలో, పట్టేసిన బ్రేకో, అలైన్‌మెంటో కారణం కావచ్చు. ఎటు పోతుందో తెలియకుండా అటూ ఇటూ పోవడం తూలడం. అది ఎక్కడో సందు ఏర్పడిందని గుర్తు. ఆ సందుని కుర్రాళ్ళు 'ప్లే' అంటున్నారు. మేస్త్రి 'ఆట' అన్నారు. స్టీరింగ్‌లో ఆట ఉంది. తెలుగులో ఆ మాట ఎంత బాగుందో! ఆడుతున్నది కారు, అలిసిపోయింది నేను.

కారు ఆయన నడిపి చూస్తారనుకున్నాను. "మీరే నడపండమ్మా" అని పక్క సీట్లో కూర్చున్నారు. బందరు రోడ్డు మీదికి తీసుకెళ్ళాను. ఆయన రోడ్డు చూడలేదు, నా చేతులు చూస్తూ కూర్చున్నారు. వెనక్కి తిరిగాక అన్నారు. "బండి తిన్నగానే పోతోందమ్మా. మీ చేతులు ఊరికే ఉండట్లేదు. బండి తప్పంతా మీ చేతులు దిద్దుతున్నాయి."

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాట. దీన్ని గురించి నేను చాలా రోజులు ఆలోచించాను. మిరాండా ఫ్రికర్ 2007లో రాసిన 'ఎపిస్టెమిక్ ఇన్‌జస్టిస్' మనలో చాలామందికి తెలుసు. చెప్పేది ఎవరన్న దాన్నిబట్టి చెప్పినదాని విలువ తగ్గించడం ఒక అన్యాయం అంటుంది ఆవిడ. అలైన్‌మెంట్ సెంటర్ నుంచి మా ఆయనకి వెళ్ళిన ఫోన్ అచ్చంగా అదే. కానీ నా విషయంలో సగమే అది. తక్కిన సగం నేనే. కారు అరుగుదల ఒక్కరోజులో రాలేదు. మిల్లీమీటరులో పదో వంతు, మరో పదో వంతు... అది ఎంత సడలితే నా చేతులు అంత దిద్దుతూ వచ్చాయి. బయటనుంచి చూసేవాళ్ళకి బండి తిన్నగా పోతూనే ఉంది. దిద్దే పని నా భుజాల్లో జరుగుతోంది, రోడ్డు మీద కాదు. అందుకే దానికి సాక్ష్యం లేదు. సర్దుకుపోవడం గురించి మనం కథల్లో, కవితల్లో చాలా రాశాం, అది ఆడవాళ్ళని ఎట్లా అలిసిపోయేట్టు చేస్తుందో రాశాం. సర్దుకుపోవడం వల్ల అసలు లోపం ఎక్కడుందో కన్పించకుండా పోతుందని, దాన్ని సర్దుకునేవాళ్ళే కప్పిపెడతారని నాకు ఆ షెడ్డు ముందు నిలబడేదాకా తట్టలేదు.

ఇక పరీక్ష. కారు గుంత మీదికి ఎక్కించారు. నాలుగు చక్రాలూ నేల మీదే ఉన్నాయి, ఇంజను ఆపేశారు. నన్ను స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి కొద్దికొద్దిగా, వేలెడు మేర, కుడికీ ఎడమకీ ఆడించమన్నారు. ఆయన గుంతలోంచి ఒక్కో జాయింటు మీద వేళ్ళు పెట్టి చూశారు. స్టీరింగ్ తిరిగితే కింద ర్యాకు అటూ ఇటూ జరుగుతుంది. దాని రెండు చివర్ల నుంచి రెండు కడ్డీలు చక్రాలని తోస్తాయి. కడ్డీ చక్రాన్ని కలిసే చోట గిన్నెలో గోళీలాంటి జాయింటు ఉంటుంది, దాన్ని వీళ్ళు 'రాడ్డెండు' అంటారు. బాగున్న జాయింటులో రెండు ముక్కలూ ఒక్కసారే కదుల్తాయి. అరిగినదానిలో ఒకటి ముందు కదిలి, రెండోది ఆలోచించుకుని కదులుతుంది.

"ఆట దొరికిందమ్మా" అని గుంతలోంచి వినిపించింది.

నేను కిందికి దిగి చూస్తానన్నాను. కుర్రాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "మీకెందుకమ్మా, బట్టలు పాడైపోతాయి" అన్నారు మేస్త్రి. చుడీదారేనండీ, ఉతుక్కుంటానన్నాను. ఆయన ఒక నిమిషం ఆలోచించి, గుంత మెట్ల మీద ఖాళీ సిమెంటు సంచి పరిపించారు. లోపల పాత ఆయిలు వాసన, తల మీద ఇరవై ఏళ్ళుగా నేను పైనుంచి మాత్రమే ఎరిగిన కారు పొట్ట. ఒక అబ్బాయి స్టీరింగ్ ఆడించాడు. ముందు ఎడమ రాడ్డెండు పట్టుకున్నాను. ఏమీ లేదు, అంతా ఒక్క ముక్కలా కదిలింది. తర్వాత కుడివైపుది. 'టక్.' మళ్ళీ 'టక్.' చెవికి వినపడ్డం కాదు, వేలికి తెలిసింది, పసిపిల్ల చిగురులో పన్ను తగిలినట్టు. కళ్ళతో చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి, ఒకే మురికి, ఒకే గ్రీజు. నేను ఆరు నెలలు స్టీరింగ్ దగ్గర పట్టుకున్నది ఈ 'టక్' రెండో కొస అన్నమాట! గుంతలో అలా నిలబడి ఎంతసేపు పట్టుకున్నానో తెలీదు. "చాలా అమ్మా?" అని మేస్త్రి అడిగాక వదిలాను.

ఆ తర్వాత ముందు చక్రాలు జాకీ మీద లేపి, కింద స్టాండ్లు పెట్టారు. చక్రాన్ని అటొక చెయ్యి ఇటొక చెయ్యి, గడియారంలో తొమ్మిది, మూడు దగ్గర పట్టుకుని ఊపితే కదిలేది స్టీరింగ్ కడ్డీలవైపు ఆట. పన్నెండు, ఆరు దగ్గర పట్టుకుని ఊపితే కదిలేది కింది ఆర్మ్ జాయింటుదో, బేరింగుదో. ఆ రెండిట్లో ఏదో తేల్చడానికి ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటారు. అప్పుడు ఆట మాయమైతే బేరింగు, మాయం కాకపోతే జాయింటు. ఎడమ చక్రానికి కొంచెం ఆట ఉంది, బ్రేకు తొక్కినా పోలేదు. షాకబ్జర్లు చూడమన్నాను. మూతి మీద బలంగా నొక్కి వదిలారు. ఒకసారి లేచి ఆగిపోయింది, అవి బాగానే ఉన్నాయి.

అసలు దొంగ చివర్లో దొరికింది. ఈ కారు ముందు భాగంలో అడ్డంగా ఒక వంపు తిరిగిన కడ్డీ ఉంటుంది, స్టెబిలైజర్ బార్. మలుపుల్లో బండి ఒరిగిపోకుండా చూడడం దాని పని. మారుతి 800లో దానికే ఇంకో పని కూడా అంటగట్టారు. చక్రాన్ని మోసే కింది ఆర్మ్ ముందుకీ వెనక్కీ జరక్కుండా పట్టుకునేదీ అదే. రెండిటి మధ్యా రబ్బరు బుష్షులుంటాయి. మేస్త్రి అక్కడ చిన్న గడ్డపార పెట్టి ఎత్తితే రబ్బరు పొడిపొడిగా రాలింది. ఎడమవైపు మరీ. "సైకిలు ముందు ఫోర్కు నిటారుగా ఉంటదా అమ్మా? వాలి ఉంటది. ఆ వాలు ఉంటేనే చక్రం తిన్నబడతది" అన్నారు. కారు చక్రానికీ ఆ వాలు ఉంటుంది, దాన్ని క్యాస్టర్ అంటారు. బుష్షు పోతే బ్రేకు తొక్కినప్పుడల్లా చక్రం కింది భాగం వెనక్కి జరిగి ఆ వాలు తగ్గిపోతుంది. మూతి ఎడమకి గుంజడానికి కారణం అదీ. రెండు పనులు ఒక్కరికే పెట్టి, అరిగిందా లేదా అని ఇరవై ఏళ్ళు చూడకపోతే ఏమవుతుందో... సరే, వదిలేయండి.

అలైన్‌మెంట్ కాగితంలో అంకెలు పచ్చగా ఎందుకున్నాయో కూడా ఇప్పుడు తెలిసింది. ఆ యంత్రం ఆ నిమిషంలో, కదలకుండా నిలబడ్డ చక్రాలు ఎక్కడున్నాయో చెప్తుంది. బుష్షులు పోయిన చక్రం నడిచేటప్పుడు ఎక్కడికి పోతుందో చెప్పదు. ముందు అరిగినవి మార్చి, తర్వాత అలైన్‌మెంట్ చెయ్యాలి. యంత్రం అబద్ధం చెప్పలేదు, మా ఆయన లాగే. ఇద్దరూ బండి ఊరికే ఉన్నప్పుడు చూశారు.

రాడ్డెండ్లు రెండూ, బార్ బుష్షులు రెండువైపులా, ఎడమ ఆర్మ్ జాయింటుతో సహా మార్చాలన్నారు. ర్యాకులో కూడా కాస్త ఆట ఉంది, "అది ఇంకా నడుస్తది, ఇప్పుడే మార్చమని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి" అన్నారు. పాత రాడ్డెండు విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో ఆ కుర్రాడు పైకి లెక్కపెట్టాడు. కొత్తది అన్నే చుట్లు ఎక్కిస్తే చక్రం దాదాపు పాత చోటనే ఉంటుంది, అలైన్‌మెంట్ సెంటర్ దాకా బండి క్షేమంగా పోతుంది. బుష్షుల చివరి బిగింపు మాత్రం జాకీ దించి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే చేశారు. గాలిలో వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుందట.

పని అయ్యేసరికి మూడున్నరయింది. పదింటి నుంచీ అక్కడే ఉన్నాను. ఆడవాళ్ళకి బాత్రూం అన్న ఆలోచన ఆ చుట్టుపక్కల ఎవరికీ ఉన్నట్టు లేదు. టీ కొట్టు నడిపే ఆవిడ నా మొహం చూసి, అడక్కుండానే వెనక సందులో తన ఇంటికి తీసుకెళ్ళింది. "ఇరవయ్యేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నానమ్మా, గుంతలోకి ఆడమనిషి దిగడం ఇవాళే చూశా" అంది. వెంటనే "ఎంత తీసుకుంటున్నాడు?" అని కూడా అడిగింది. చెప్పాను. "పర్లేదు, ఎక్కువేం కాదు" అని తేల్చింది.

ఇక్కడ ఒక పాత సంగతి. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని, ఆయన తయారుచేసిన బండిని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్ దాకా, వంద కిలోమీటర్ల పైన, నడిపింది. ఈ కథ మనకి 'మొదటి దూరప్రయాణం చేసిన స్త్రీ' అని చెప్తారు. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి బాగుచేసిందనీ, బ్రేకు దిమ్మలు అరిగితే చెప్పులు కుట్టేవాడి చేత వాటికి తోలు కొట్టించిందనీ వింతగా, వినోదంగా చెప్తారు. నాకైతే అసలు కథ అదే అనిపిస్తోంది. అరిగిందని గుర్తుపట్టింది కదా! నడపడానికి ధైర్యం చాలునేమో. ఇది వేరే.

కొత్త రాడ్డెండ్లతో, కొత్తగా సరిచేసిన అలైన్‌మెంట్‌తో వారధి ఎక్కిన సాయంత్రం నేను విజయగర్వంతో ఉన్నానని చెప్పాలని ఉంది. లేను. కారు తూలింది! గుండె జారిపోయింది. ఒక పక్కకి ఆపి, చెమట తుడుచుకుని, మళ్ళీ బయల్దేరి నా చేతుల వంక చూసుకున్నాను. కారు తిన్నగా పోతోంది. నా చేతులే, లేని తప్పుని దిద్దుతున్నాయి. కుడికి జరగబోతుందని ముందే ఎడమకి తిప్పుతున్నాను. ఇప్పుడు సందు లేదు, తిప్పినంతా చక్రానికి చేరుతోంది. అలైన్‌మెంట్ సెంటర్ అబ్బాయి అప్పుడు చూసి ఉంటే "మేడమ్ గారి డ్రైవింగే" అని రుజువు చేసేవాడు, ఆ మాట నిజమే అయ్యేది కూడా. ఆ అలవాటు పోవడానికి పదీ పన్నెండు రోజులు పట్టింది. మంగళగిరి దాటాక వేళ్ళు వదులు చేసి, స్టీరింగ్‌ని ఊరికే ఆనించి పట్టుకోవడం ప్రాక్టీసు చేశాను. భుజాల నొప్పి పోవడానికి ఇంకో నెల.

పాత కుడి రాడ్డెండు మేస్త్రిని అడిగి తెచ్చుకున్నాను. ఒక ఆదివారం కాఫీ తాగుతుంటే మా ఆయన ముందు పెట్టాను. ఆయన వేలితో తోశారు, అది అటూ ఇటూ వదులుగా పడింది. కొత్తది చేత్తో కదపాలంటే గట్టిగా ఉంటుందని చెప్పాను. కాసేపు అట్లాగే ఆడించారు.

"ఇంత అరిగిందా! నాతో చెప్పొచ్చు కదా" అన్నారు.

"చెప్పాను. మూడుసార్లు."

ఆయన దాన్ని బల్ల మీద పెట్టి, గ్రీజంటిన వేళ్ళని చూసుకుంటూ కూర్చున్నారు. తర్వాత ఒక పాత గుడ్డ ఎక్కడుందని అడిగారు. చెప్పాను, వెళ్ళి తెచ్చుకున్నారు. కారు అమ్మే మాట మళ్ళీ రాలేదు. మర్నాడు పొద్దున, నేను బయల్దేరుతుంటే వచ్చి, "టైర్లో గాలి చూశావా?" అన్నారు. చూశానన్నాను.

టైర్లు మాత్రం ఇంకా మార్చలేదు, అరుగుదల ఇంకా ఉంది వాటిలో. బాగున్న చక్రాల మీద నడుస్తూ ఆ అంచులు కొద్దికొద్దిగా నున్నబడుతున్నాయి. అప్పుడప్పుడూ కారు తీసేముందు ఎడమ టైరు మీద చెయ్యి పెట్టి బయటినుంచి లోపలికి నిమురుతాను. పొలుసు ఇంకా తగుల్తోంది.